2000ల నాటి ‘నంబర్ వన్’ పాటలు: ఎవరు లెక్కపెట్టారు, ఏం లెక్కపెట్టారు?

బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’ పాట 2004 మార్చిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఆమె సొంత దేశం అమెరికాలో మాత్రం ప్రధాన చార్టులో 9వ స్థానం దగ్గరే ఆగిపోయింది. ఈ పాటతో మనకూ ఓ చుట్టరికం ఉంది. అందులో చెవిలో గింగురుమనే వయొలిన్ల తునకను 1981 నాటి ‘ఏక్ దూజే కే లియే’ సినిమాలోని ‘తేరే మేరే బీచ్ మే’ పాట నుంచి తీసుకున్నారు. సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్. పాడినవాళ్ళు లతా మంగేష్కర్, మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. బాలుకి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా అది. ఆ సినిమా మన ‘మరోచరిత్ర’కి హిందీ రూపం కూడా.

పాట ఒకటే, గొంతు ఒకటే, ఇంచుమించు నెలలూ అవే. అక్కడ 1, ఇక్కడ 9. రెండు దేశాల జనం అభిరుచులు వేరు అనేసి ఊరుకోవచ్చు, అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ తేడాలో పెద్ద భాగం పాటలోనూ లేదు, జనంలోనూ లేదు. లెక్కపెట్టే పద్ధతిలో ఉంది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, 2000ల నాటి హిట్లు మళ్ళీ రీల్స్‌లో తిరుగుతున్నాయి. ‘2000 సంవత్సరం నంబర్ వన్ పాట’ అంటూ ఒకరు ఒక పాట పెడతారు, ఇంకొకరు మరో పాట పెడతారు. ఇద్దరూ అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ పేరే చెబుతారు. చూసేవాళ్ళకి ఎవరిది తప్పో అర్థం కాదు. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఇద్దరూ చెప్పింది నిజమే.

చార్టు, సింగిల్, ప్లాటినం: దేనికదే

మొదట సింగిల్ సంగతి. ఒక్క హిట్ పాట కోసం విడిగా అమ్మే డిస్కు ఇది. పక్కన ఒకటో రెండో అదనపు పాటలో, రీమిక్సులో ఉండేవి. పదీ పన్నెండు పాటలు కలిపి అమ్మితే ఆల్బమ్. మన సినిమా క్యాసెట్ ఈ రెండో కోవలోకి వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ‘హిట్ సాంగ్స్ చార్టు’ అంటే చాలాకాలం సింగిల్స్ చార్టే. ఆల్బమ్‌లకు వేరే చార్టు ఉండేది.

చార్టు అంటే వారానికోసారి వేసే వరుస. ఆ వారంలో ఏ పాట ముందుంది, ఏది వెనకుంది అన్నదే చెబుతుంది. ఎంత ముందుందో చెప్పదు. ఒకటో స్థానానికీ రెండో స్థానానికీ మధ్య పది కాపీల తేడా ఉన్నా, లక్ష కాపీల తేడా ఉన్నా బయటికి కనిపించేది 1, 2 అనే.

గోల్డ్, ప్లాటినం అన్నవి వేరే వ్యవహారం. వీటికి వారంతో పని లేదు, మొత్తం లెక్క కావాలి. అమెరికాలో రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ 5 లక్షల కాపీలకు గోల్డ్, 10 లక్షల కాపీలకు ప్లాటినం ఇచ్చేది. బ్రిటన్‌లో సింగిల్‌కి అప్పట్లో 6 లక్షలైతే ప్లాటినం. ఇంకో మెలిక కూడా ఉంది. అమెరికా సర్టిఫికెట్‌కి అప్పట్లో చూసేది కంపెనీ నుంచి దుకాణాలకు వెళ్ళిన సరుకుని, అందులోంచి వాపసు వచ్చింది తీసేసి. చార్టుకి చూసేది దుకాణంలో బిల్లు అయినదాన్ని. అందుకే ‘ప్లాటినం కొట్టింది’ అన్న పాట చార్టులో అంత గొప్పగా కనిపించకపోవచ్చు. రెండూ అబద్ధాలు కావు.

ఈ లెక్కలు ఎవరివంటే, అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1958 ఆగస్టు నుంచి ‘హాట్ 100’ వేస్తోంది. బ్రిటన్ చార్టు 1952 నవంబరులో ఎన్ఎంఈ అనే సంగీత పత్రికతో మొదలైంది. 2000ల నాటికి దాన్ని ఆఫీషియల్ చార్ట్స్ కంపెనీ తయారుచేసేది, బీబీసీ రేడియో 1 ఆదివారం సాయంత్రం ప్రకటించేది. పాత రోజుల్లో రెండు చోట్లా దుకాణాలవాళ్ళని అడిగి రాసుకున్న లెక్కే. అమెరికాలో 1991లో సౌండ్‌స్కాన్ వచ్చాక కౌంటర్ దగ్గర బార్‌కోడ్ గీసిన ప్రతి అమ్మకమూ కంప్యూటర్‌లోకి వెళ్ళడం మొదలైంది. ఇంత పక్కా లెక్క వచ్చాక కూడా గందరగోళం పోలేదు, ఎందుకంటే చిక్కు అంకెల్లో లేదు. ఏ అంకెలు కలపాలన్నదాంట్లో ఉంది.

బ్రిటన్: ఎంతమంది కొన్నారు అన్నదొక్కటే ప్రశ్న

2000ల మొదట్లో బ్రిటన్ లెక్క తేలిక. ఆ వారం ఏ సింగిల్ ఎక్కువ అమ్ముడైతే అది నంబర్ వన్. రేడియోలో ఎన్నిసార్లు వేశారన్నది లెక్కలోకి వచ్చేది కాదు.

ఇంత సూటిగా ఉన్న పద్ధతి నుంచి విచిత్రమైన ఫలితం వచ్చింది. 2000లో బ్రిటన్‌లో 42 పాటలు నంబర్ వన్ అయ్యాయి. దాదాపు వారానికో కొత్త పాట సింహాసనం ఎక్కి దిగిపోయింది. అదే ఏడాది అమెరికాలో నంబర్ వన్ స్థానంలో కూర్చున్నవి 18 పాటలే.

కంపెనీలు పాటను రేడియోకి, టీవీకి కొన్ని వారాల ముందే ఇచ్చేవి. డిస్కు మాత్రం దుకాణాల్లో దొరికేది కాదు. విని విని జనం ఎదురుచూస్తుండగా ఒక సోమవారం విడుదల చేసేవారు, మొదటి వారం ధర కూడా తగ్గించేవారు. అభిమానులంతా ఆ వారమే కొనేసేవారు. పై వారానికి అమ్మకాలు సగానికి పడిపోయేవి, అప్పటికి ఇంకో కంపెనీ ఇంకో పాటతో సిద్ధం.

ఊహకు రెండు పాటలు తీసుకుందాం. మొదటిది వారాల వారీగా 80 వేలు, 30 వేలు, 15 వేలు, 10 వేలు అమ్ముడైంది. మొత్తం లక్షా 35 వేలు. రెండోది నాలుగు వారాలూ 40 వేల చొప్పున నిలకడగా అమ్ముడైంది. మొత్తం లక్షా 60 వేలు. మొదటి పాట మొదటి వారం నంబర్ వన్. రెండో వారం నుంచి ప్రతి వారం ఏదో ఒక కొత్త పాట 70 వేలతో వచ్చి కూర్చుంటే, రెండో పాటకి ఒకటో స్థానం దక్కే వారమే ఉండదు. 25 వేలు ఎక్కువ అమ్మినా చరిత్రలో దానికి ‘నంబర్ వన్ హిట్’ అన్న పేరు లేదు.

నంబర్ వన్‌కి కావాల్సిన అమ్మకం కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. 2002లో ‘పాప్ ఐడల్’ అనే టీవీ పోటీ గెలిచిన విల్ యంగ్ తొలి సింగిల్ మొదటి వారంలోనే 11 లక్షలకు పైగా అమ్ముడైంది. 2005 జనవరిలో ఎల్విస్ ప్రెస్లీ 70వ జయంతి పేరుతో ఆయన పాత హిట్లను వరసగా మళ్ళీ విడుదల చేస్తే, అందులో ఒకటి బ్రిటన్ చార్టు చరిత్రలో 1000వ నంబర్ వన్‌గా నమోదైంది. దానికి కావాల్సి వచ్చింది సుమారు 20 వేల కాపీలే. మూడేళ్ళ లోపే యాభై రెట్ల తేడా! జనం అప్పటికే డిస్కులు కొనడం మానేస్తున్నారు. డౌన్‌లోడ్లు ఇంకా లెక్కలోకి రాలేదు. మైదానం ఖాళీ అయినప్పుడు పాతికేళ్ళ క్రితం కన్నుమూసిన గాయకుడు కూడా చార్టు గెలవగలిగాడు. ఎల్విస్‌ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ వారం ఎవరు ఏ 20 వేలు తెచ్చినా అదే జరిగేది.

అమెరికా: దుకాణంలో లేని పాటకి ర్యాంకు ఎలా ఇస్తారు?

అమెరికా హాట్ 100 మొదటి నుంచీ కలగలుపు లెక్క. అమ్మకాలకు కొన్ని పాయింట్లు, రేడియో ప్రసారాలకు కొన్ని పాయింట్లు. రెండూ కలిపి ర్యాంకు. అయితే ఒక షరతు ఉండేది. ఆ పాట సింగిల్‌గా దుకాణంలో దొరకాలి.

1990ల మధ్యలో ఈ షరతు మెడకు చుట్టుకుంది. రికార్డు కంపెనీలు ఒక లెక్క వేసుకున్నాయి. రేడియోలో మోగిపోతున్న పాటను తక్కువ ధరకు సింగిల్‌గా అమ్మితే జనం అదొక్కటే కొనుక్కుని వెళ్ళిపోతారు. సింగిల్ అమ్మకపోతే ఆ ఒక్క పాట కోసం దానికి నాలుగైదు రెట్లు పెట్టి ఆల్బమ్ మొత్తం కొనక తప్పదు. దాంతో పెద్ద పెద్ద హిట్లకే సింగిల్ లేకుండా పోయింది. నో డౌట్ బృందం పాట ‘డోంట్ స్పీక్’ 1996–97లో రేడియో చార్టులో 16 వారాలు నంబర్ వన్‌గా ఉంది. హాట్ 100లో మాత్రం కనీసం నూరో స్థానంలో కూడా లేదు. దేశమంతా వింటున్న పాట దేశపు హిట్ పాటల పట్టికలో లేదన్నమాట.

చివరికి బిల్‌బోర్డ్ దిగివచ్చింది. 1998 డిసెంబరు నుంచి సింగిల్ లేకపోయినా, రేడియోలో మోగితే చాలు హాట్ 100లోకి రావచ్చని నియమం మార్చింది. 2000ల తొలి సగం చార్టులన్నిటికీ పునాది ఈ మార్పే. 2000 జూన్‌లో గాయని ఆలియా ‘ట్రై అగైన్’ పాట కొనడానికి సింగిల్ లేకుండానే, కేవలం రేడియో బలంతో నంబర్ వన్ అయింది. అలా అయిన మొదటి పాట అదే.

కంపెనీల పాచిక కొంతకాలం పారింది కూడా. 2000 మార్చిలో ఎన్‌సింక్ బృందం ఆల్బమ్ ‘నో స్ట్రింగ్స్ అటాచ్డ్’ అమెరికాలో ఒక్క వారంలో 24 లక్షల కాపీలు అమ్ముడైంది. ఆ రికార్డు 2015లో గాయని అడెల్ ఆల్బమ్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు. మరోపక్క 1999లో వచ్చిన నాప్‌స్టర్ (ఇంటర్నెట్‌లో పాటల ఫైళ్ళు పంచుకునే ప్రోగ్రామ్) ద్వారా కాలేజీ పిల్లలు తమకు కావాల్సిన ఆ ఒక్క పాటనే ఉచితంగా దింపుకున్నారు. 2001లో కోర్టు దెబ్బకి నాప్‌స్టర్ మూతపడింది. అలా దింపుకున్న పాటలేవీ ఏ చార్టులోనూ లెక్కకు రాలేదు.

సింగిల్స్ దాదాపు మాయమైన ఆ బజారులో ఎవరైనా నిజంగా సింగిల్ అమ్మితే ఏమయ్యేదో చూడాలంటే 2002 అక్టోబరు చూడాలి. ‘అమెరికన్ ఐడల్’ టీవీ పోటీ తొలి విజేత కెల్లీ క్లార్క్‌సన్ పాట ‘ఎ మూమెంట్ లైక్ దిస్’ ఒక వారం 52వ స్థానంలో ఉంది. పై వారం నంబర్ వన్! అప్పటికి ఒకటో స్థానానికి అంత పెద్ద గెంతు ఇంకే పాటా వేయలేదు. ఆ వారంలో పాట కొత్తగా ఏమీ మారలేదు. సీడీ సింగిల్ దుకాణాల్లోకి వచ్చి 2 లక్షలకు పైగా అమ్ముడైంది, అంతే. మిగతా పాటలకు అమ్మకాల పాయింట్లు నామమాత్రం కాబట్టి ఆ అమ్మకం ఒక్కటే పాటను ఆకాశానికి ఎత్తేసింది.

రేడియో ఎవరి మాట వింటుంది?

రేడియో పాయింట్లు ఎలా లెక్కపెడతారో ఇప్పుడు చూద్దాం. పాట ఎన్నిసార్లు వేశారన్నది ఒక్కటే కాదు, వేసినప్పుడు ఎంతమంది వింటుంటారన్నది కూడా చూస్తారు. న్యూయార్క్‌లో పెద్ద స్టేషన్ పొద్దున ఎనిమిదింటికి ఒకసారి వేయడం, చిన్న ఊళ్ళో స్టేషన్ అర్ధరాత్రి ఇరవైసార్లు వేయడం కంటే ఎక్కువ విలువ చేయవచ్చు. పాటలను వాటి ధ్వనిని బట్టి గుర్తుపట్టే యంత్రాలు స్టేషన్లను రాత్రింబవళ్ళు వింటూ నమోదు చేసేవి. అందుకని ఎవరో కూర్చుని దొంగలెక్క రాసే అవకాశం తక్కువ.

లెక్క నిజాయితీగానే ఉంది. కానీ దేన్ని లెక్కిస్తున్నట్టు? ఇక్కడే రెండు వాదాలు.

ఒక పక్షం ఏమంటుందంటే, రేడియో స్టేషన్ శ్రోతల మీదే బతుకుతుంది. జనానికి నచ్చని పాట వేస్తే వాళ్ళు స్టేషన్ మార్చేస్తారు, ప్రకటనలు పోతాయి. స్టేషన్లు శ్రోతలకు ఫోన్ చేసి, పాట ముక్క వినిపించి, ఇంకా వినాలని ఉందా, విసుగొచ్చిందా అని అడిగి మరీ జాబితా వేసుకునేవి. పైగా డిస్కు కొన్నవాడు ఒకసారే లెక్కకు వస్తాడు. ఇష్టంగా నెలల తరబడి వినేది రేడియో లెక్కలోనే కనిపిస్తుంది.

రెండో పక్షం మాట వేరు. రేడియోలో పాట మోగిందంటే స్టేషన్లో ఏ పాటలు వేయాలో తేల్చే ప్రోగ్రామ్ డైరెక్టర్ వేశాడని అర్థం, జనం అడిగారని కాదు. 1996లో అమెరికా టెలికం చట్టం మారాక స్టేషన్లు కొద్ది కంపెనీల చేతికి వెళ్ళాయి. క్లియర్ ఛానల్ ఒక్కదానికే సుమారు 1200 స్టేషన్లు ఉండేవి. ఎక్కడో ఒక ఆఫీసులో తీసుకున్న నిర్ణయం వందల ఊళ్ళలో వినిపించేది. దీనికితోడు డబ్బు, బహుమతులు ఇచ్చి పాటలు వేయించుకునే పాత జబ్బు ఉండనే ఉంది. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ దీనిమీద దర్యాప్తు జరిపితే 2005 జులైలో రికార్డు కంపెనీ సోనీ బీఎంజీ కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. తర్వాత వార్నర్, యూనివర్సల్ కూడా అదే దారి పట్టాయి.

ఈ రెండో వాదానికి ఇంకో గట్టి ఉదాహరణ 2003 మార్చి. ఇరాక్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు డిక్సీ చిక్స్ బృందం గాయని లండన్ వేదిక మీద అధ్యక్షుడు బుష్‌ని విమర్శించింది. ఆగ్రహించిన శ్రోతల ఫోన్లతో కంట్రీ సంగీత (అమెరికా పల్లె బాణీ) స్టేషన్లు వాళ్ళ పాటలు ఆపేశాయి. అప్పటికి హాట్ 100లో 10వ స్థానంలో ఉన్న వాళ్ళ ‘ల్యాండ్‌స్లైడ్’ ఒక్క వారంలో 43కి జారింది. అయితే దీన్ని మొదటి పక్షం కూడా తనకే వాడుకోగలదు: స్టేషన్లు శ్రోతల కోపానికే కదా తలొగ్గాయి! నిజమే. అంతకుముందు ఆ పాట నచ్చినవాళ్ళందరికీ వారంలో నచ్చకుండా పోయిందని మాత్రం ఎవరూ అనరు.

నన్నడిగితే 2001–04 నాటి హాట్ 100ని ‘అమెరికా చెవిన పడిన పాటల’ పట్టికగా కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. ‘అమెరికా కోరుకున్న పాటలు’ అనడానికి అంత ధైర్యం చాలదు.

‘టాక్సిక్’ లెక్క, ఇంకో రెండు దేశీ పాటల లెక్క

బ్రిటన్‌లో మొదటి వారం అభిమానులంతా ‘టాక్సిక్’ డిస్కు కొన్నారు, నంబర్ వన్ అయింది, ఆ స్థానంలో ఒక్క వారమే ఉంది. అక్కడి పద్ధతికి అచ్చంగా సరిపోయే కథ.

అమెరికాలో అభిమానుల కొనుగోళ్ళకు విలువ దాదాపు లేదు. రేడియోలో కూడా ఒక చిక్కు. హాట్ 100 అన్ని రకాల స్టేషన్లనూ కలిపి లెక్కిస్తుంది. అప్పట్లో నల్లజాతి సంగీతంలోంచి పుట్టిన హిప్‌హాప్, ఆర్ అండ్ బీ పాటలు వాటి సొంత స్టేషన్లలోనూ, పాప్ స్టేషన్లలోనూ రెండు చోట్లా మోగేవి. 2003 అక్టోబరులో ఒక వారం హాట్ 100 మొదటి పది స్థానాలూ నల్లజాతి కళాకారులవే. ఆ చార్టు చరిత్రలో అలా జరగడం అదే మొదలు. 2004లో ఆర్ అండ్ బీ గాయకుడు అషర్ నాలుగు పాటలతో కలిపి 28 వారాలు నంబర్ వన్ స్థానంలో కూర్చున్నాడు. ‘టాక్సిక్’కి పాప్ స్టేషన్లే దిక్కు. ఆ స్టేషన్ల వరకే వేసే చార్టులో అది నంబర్ వన్ కూడా అయింది. అన్నీ కలిపిన చార్టులో 9.

బ్రిటన్ సంగీతకారుడు పంజాబీ ఎంసీ పాట ‘ముండియాన్ తో బచ్ కే’ది కూడా ఇలాంటి దారే. 2003 జనవరిలో బ్రిటన్‌లో 5వ స్థానానికి వెళ్ళింది. అమెరికా ర్యాపర్ జే–జీ గొంతు కలిపి అమెరికాలో దింపితే 33 దగ్గర ఆగింది. బ్రిటన్‌లో పంజాబీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి అనుకోవచ్చు, కానీ జర్మనీలో అది 2వ స్థానం దాకా వెళ్ళింది, అక్కడ పంజాబీలు ఎంతమంది? దుకాణంలో డిస్కు దొరికి, కొన్నవాళ్ళ లెక్కే చార్టు అయిన చోట భాష తెలియని పాట కూడా దూసుకెళ్ళింది. ప్రోగ్రామ్ డైరెక్టర్లను దాటాల్సిన చోట నెమ్మదించింది. ఇది పూర్తి కారణమని చెప్పలేం, కారణాల్లో ఒకటని గట్టిగానే చెప్పొచ్చు.

దేశీ పాట అమెరికా రేడియోను దాటలేదనీ కాదు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాడిన ‘అడిక్టివ్’లో లతా గొంతులోని ‘థోడా రేషమ్ లగ్తా హై’ పెద్ద ముక్కే ఉంది, అదీ 9వ స్థానానికి వెళ్ళింది. అది హిప్‌హాప్ స్టేషన్లు నెత్తిన పెట్టుకున్న పాట. ఆ ముక్కను అనుమతి తీసుకోకుండా వాడారని ఆ హిందీ పాట సంగీత దర్శకుడు బప్పీ లాహిరి, సారెగమ కంపెనీ కోర్టుకెళ్ళడం, బప్పీ పేరు వేసేదాకా ఆల్బమ్ అమ్మవద్దని 2003లో కోర్టు చెప్పడం మరో కథ.

ఏడాది నంబర్ వన్, ఒక్క వారం కూడా నంబర్ వన్ కాని పాట

రీల్స్ గందరగోళం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 2000 సంవత్సరాంతపు హాట్ 100లో మొదటి స్థానం ఫెయిత్ హిల్ పాడిన ‘బ్రీత్’ది. కానీ ఆ పాట ఒక్క వారం కూడా నంబర్ వన్ కాలేదు! 2 దగ్గరే ఆగింది. దాని పైన సంటానా పాట ‘మరియా మరియా’ పది వారాలు కదలకుండా కూర్చుంది. సంవత్సరాంతంలో మాత్రం అది మూడో స్థానంలో ఉంది.

ఇది లెక్క తప్పు కాదు. ఒక పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లవాడు, ఏడాది మొత్తం మార్కుల్లో ఫస్టు వచ్చిన పిల్లవాడు వేరు వేరు కావచ్చు కదా. సంవత్సరాంతపు చార్టుకి వారవారపు పాయింట్లన్నీ కూడతారు. ‘బ్రీత్’ 53 వారాలు చార్టులో ఉండి కొద్దికొద్దిగా పోగేసుకుంది. మరుసటి ఏడు కూడా అదే తంతు: 2001 సంవత్సరాంతపు నంబర్ వన్ లైఫ్‌హౌస్ బృందం ‘హ్యాంగింగ్ బై ఎ మూమెంట్’. వారాల లెక్కలో దాని గరిష్ఠం కూడా 2. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్, లింకిన్ పార్క్ ‘హైబ్రిడ్ థియరీ’, అది కూడా ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానం చూడలేదు.

సంవత్సరాంతపు లెక్కలోనూ ఓ లొసుగు ఉంది. పత్రిక డిసెంబరు సంచికకు అందాలి కాబట్టి చార్టు ‘సంవత్సరం’ ఇంచుమించు డిసెంబరు నుంచి నవంబరు దాకా నడిచేది. సంటానా ఇంకో పాట ‘స్మూత్’ 1999 అక్టోబరు నుంచి 2000 జనవరి దాకా 12 వారాలు నంబర్ వన్. దాని పాయింట్లు రెండు సంవత్సరాలకు చీలిపోయాయి. ఏ ఏడాదికీ అది మొదటి పాట కాలేదు, 2000కి రెండోది అయింది. క్యాలెండర్ మధ్యలో విడుదలై ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

2005: డౌన్‌లోడ్లు వచ్చి లెక్క మళ్ళీ మారింది

2003 ఏప్రిల్‌లో యాపిల్ ఐట్యూన్స్ దుకాణం తెరిచి పాట 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. కంపెనీలు పట్టుబట్టి ఆపేసిన సింగిల్ వేరే దారిలో తిరిగొచ్చింది. ఇష్టమైన ఒక్క పాట కొనుక్కునే వీలు మళ్ళీ వచ్చింది. కానీ చార్టు వెంటనే గుర్తించలేదు. హాట్ 100లో డౌన్‌లోడ్లు కలిపింది 2005 ఫిబ్రవరిలో. ‘టాక్సిక్’ వచ్చిన ఏడాది ఐట్యూన్స్‌లో కొన్నవాళ్ళెవరూ దాని ర్యాంకుకు సాయపడలేకపోయారు.

బ్రిటన్ 2004 సెప్టెంబరులో డౌన్‌లోడ్లకు వేరే చార్టు పెట్టి, 2005 ఏప్రిల్‌లో ప్రధాన చార్టులో కలిపింది. డిస్కు కూడా ఉంటేనే అన్న షరతు మాత్రం ఉంచింది. ఆ షరతు కొంత సడలాక 2006 ఏప్రిల్‌లో నార్ల్స్ బార్క్‌లీ అనే జంట పాట ‘క్రేజీ’ డిస్కు దుకాణంలోకి రాకముందే డౌన్‌లోడ్లతో నంబర్ వన్ అయి, తొమ్మిది వారాలు అక్కడే ఉంది. 2007 జనవరిలో షరతు పూర్తిగా పోయింది.

తర్వాత స్ట్రీమింగ్ వచ్చింది. ఇప్పుడు పెద్ద కళాకారుడి ఆల్బమ్ వస్తే ఆ వారమే అందులోని పాటలు గుంపుగా చార్టులోకి వస్తాయి, ఎందుకంటే వినడమే లెక్క. 2002లో రేడియో వేయని, సింగిల్‌గా రాని ఆల్బమ్ పాటకి హాట్ 100లో తలుపే లేదు. ఫలానా కళాకారుడు ఎల్విస్ రికార్డు దాటాడు, అషర్‌ని దాటాడు అనే వార్తల్లో ఈ సంగతి అరుదుగా చెబుతారు.

మరి తెలుగు హిట్ల లెక్క?

అవే సంవత్సరాల్లో మనకూ మోత మోగిన ఆల్బమ్‌లు ఉన్నాయి. 2001లో మణిశర్మ ‘ఖుషి’, 2004లో దేవిశ్రీప్రసాద్ ‘వర్షం’ గుర్తులేనివాళ్ళు తక్కువ. వీటిలో ఏ పాట ఏ వారం నంబర్ వన్ అని అడిగితే చూపించడానికి పట్టిక లేదు. బయటి సంస్థ ఒకటి వారం వారం అమ్మకాలు లెక్కపెట్టి ప్రకటించే పద్ధతి తెలుగు సినిమా పాటలకు అప్పట్లో లేదు.

ఉండి ఉన్నా చిక్కే. మనం కొన్నది క్యాసెట్. అందులో ఐదారు పాటలు. జనం ఏ పాట కోసం కొన్నారో క్యాసెట్ బిల్లు చెప్పదు. అమెరికా కంపెనీలు సింగిల్స్ ఆపేసి బలవంతంగా తెచ్చుకున్న పరిస్థితి మనకు మొదటి నుంచీ మామూలే. ఏ పాట హిట్టో తెలిసేది ఆటోల్లో, పెళ్ళి బ్యాండుల్లో, కాలేజీ యానివర్సరీ డాన్సుల్లో. టీవీ కౌంట్‌డౌన్ కార్యక్రమాలు వరుస చెప్పేవి గానీ ఆ వరుస ఛానల్ వేసుకున్నదే.

ఇక ప్లాటినం డిస్క్ ఫంక్షన్. సినిమా ఆడుతుండగానో, విడుదలకు ముందో వేదిక మీద మెరిసే డిస్కులు పంచేవారు. పైన చెప్పుకున్న అమెరికా ప్లాటినం లాగా దీనికి అందరికీ తెలిసిన ఒక అంకె లేదు. ప్రేక్షకుడికి చేరేది వేదిక మీద చెప్పిన మాట, మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటో. ఆడియో కంపెనీ అమ్మకాలు బాగా లేవని దీని అర్థం కాదు. ఎన్ని అమ్ముడయ్యాయో పోల్చి చూసుకోవడానికి బయట కొలత లేదు, అంతే.

అప్పట్లోనే ఫుట్‌పాత్‌ల మీద ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. ఒక్కోదాంట్లో వందకు పైగా పాటలు. కొత్త సినిమాలూ పాత సినిమాలూ కలగలిపి, కవరు మీద ఏ హీరో బొమ్మ దొరికితే అది వేసి అమ్మేవారు. ఆడియో కంపెనీ దగ్గర పక్కా పుస్తకాలు ఉన్నా, ఆ సీడీల్లో విన్న పాటలు అందులో ఉండవు.